నీరు మింగని గుండు

మేనమామ తుపాకీ మీద నేను పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చానన్న సంగతి మా ఊళ్ళో కొందరికి ఇప్పటికీ మింగుడు పడలేదు. పెళ్ళిలో భోజనాల బంతికి కూర్చుంటే, పక్కనున్నవాళ్ళకి నన్ను చూపించి "ఈవిడే" అని గొణుగుతారు. గొణగనీ. నాకు వినపడేలా అన్నా నాకేం నష్టం లేదు. ఏం జరిగిందో మొదటి నుంచి రాస్తాను, తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవచ్చు.

మాది గజపతినగరం నుంచి లోపలికి వెళ్ళే దారిలో ఉన్న ఊరు. ఊరికి ఎగువన చెరువు, చెరువు గట్టు దిగగానే మావ భూమి. మావ అంటే మా అమ్మకి తమ్ముడు. వరి గిట్టడం లేదని ఆ భూమిలో సగం తవ్వించి చేపల చెరువు చేశాడు. ఆ చేపల చెరువు అవతలి గట్టు దగ్గర మొదలవుతుంది నా మడి. ఈ గట్టు మీద నిలబడి కేకేస్తే ఆ గట్టు మీద వినిపిస్తుంది, అంతే దూరం. నా భర్త సాలూరులో లారీ డ్రైవరు. ఒకసారి బండెక్కితే ఏ రాష్ట్రంలో తేలతాడో ఆయనకే తెలియదు. కాబట్టి మడి పని మొత్తం నాదే. ఆ మడి పండితే మా ఇంట్లో ఏడాదికి సరిపడా బియ్యం ఉంటాయి. పండకపోతే కొనుక్కోవాలి. మడి ఉండి బియ్యం కొనుక్కు తినడం నా ఒంటికి పడదు.

ఇక తుపాకీ. అది మా తాతది, అంటే మావకి తండ్రి. అడవి పందులు మెట్ట చేలని దున్నిపారేసే రోజుల్లో పంట కాపలాకని లైసెన్సు తీసుకున్నాడట. దాంతో పందిని కొట్టినట్టు మా అమ్మక్కూడా గుర్తు లేదు. ఆ తుపాకీకి మా ఊళ్ళో వేరే ఉద్యోగం ఉండేది. వానలకి ఊరి చెరువు నిండి అలుగు పారడం మొదలైన పొద్దున, తాత దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, గట్టు మీద నిలబడి నీళ్ళలోకి కాల్చేవాడు. గాల్లోకి కాదు, నీళ్ళలోకే. అది గంగమ్మకి కానుక. దిగువ మడుల వాళ్ళకి కబురు కూడా. ఆ చప్పుడు వినగానే అందరూ పారలు పట్టుకుని పరిగెత్తి, తమ గట్లకి గండ్లు కొట్టి నీటికి దారి ఇచ్చేవారు. ఇవ్వకపోతే అలుగు నీరు గట్లు తెంపుకుని వచ్చి పైరు మీద ఇసక మేట వేసేస్తుంది. తాత పోయాక లైసెన్సు మావ పేరు మీదకి మారింది, ఆ పనీ మావకే వచ్చింది. చిన్నప్పుడు నేను ఆ చప్పుడు కోసం చెవులు మూసుకుని మరీ ఎదురు చూసేదాన్ని. మా మావ తుపాకీ అని బడిలో గొప్పలు పోయేదాన్ని.

గంగమ్మకి ఇచ్చిన గుండుని గంగమ్మే దాచుకుంటుందని మా వాళ్ళ నమ్మకం. అందుచేత గాల్లోకి కాల్చడం పిచ్చివాడి పని, నేల మీదకి కాల్చడం ప్రమాదం, నీళ్ళలోకి కాల్చడం మాత్రం ఎవరికీ ఏమీ కాని పని అని ఊరంతటికీ రూఢి అయిపోయింది. ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు. ఏడాదికి ఒక్కసారి, నిండు చెరువు మధ్యకి కాలిస్తే ప్రశ్నించాల్సిన అవసరం రాలేదు.

చేపల చెరువు వచ్చాక అవసరం వచ్చింది. తొలకరికి మావ అందులో చేపపిల్లలు వదిలాడు. వదిలిన వారం తిరక్కుండా నీటికాకులు దిగాయి. నల్లగా, పొడుగు మెడలతో, మునిగిన చోట లేవకుండా ఇంకెక్కడో లేచే పక్షులవి. మావ మొదట డబ్బా కొట్టించాడు. తర్వాత దిష్టిబొమ్మకి తన పాత చొక్కా తొడిగించాడు. నీటికాకులు ఆ బొమ్మ నెత్తి మీదే వాలి రెక్కలు ఆరబెట్టుకున్నాయి. దాంతో మావకి రోషం వచ్చి తుపాకీ దించాడు. రోజూ పొద్దున్నే తన గట్టు మీద గొంతుక్కూర్చుని, నీటి మీద తేలుతున్న పక్షుల వైపు బారుగా గురిపెట్టి కాల్చడం మొదలుపెట్టాడు. ఒక్క పక్షీ పడలేదు. అవి ఎగిరిపోయి మళ్ళీ వచ్చేవి, మావ మళ్ళీ కాల్చేవాడు.

అవి మా ఉభాల రోజులు. వరి నాట్లని మా వైపు ఉభాలంటాం. మా ఆడవాళ్ళది ఒక గుంపు. ఇవాళ నా మడిలో అందరూ నాటితే, రేపు ఇంకొకరి మడిలో నేను నాటుతాను. గుంపులో పెద్దావిడని అందరం అప్ప అంటాం. ఆవిడ మాటే మాకు మాట. ఆ రోజు నా మడి వంతు. ఆకుమడిలో నారు పీకి కట్టలు కడుతున్నాం. గట్టు మీద అప్ప అంబలి గిన్నె పెట్టుకుంది. చేపల చెరువు అవతల తుపాకీ మోగింది. మాకు అలవాటైపోయిన చప్పుడే కాబట్టి ఎవరూ తలెత్తలేదు. ఆ వెంటనే గట్టు మీద టంగుమంది.

"అదేటే?" అంది అప్ప.

వెళ్ళి చూస్తే గిన్నె పక్కకి ఒరిగి ఉంది. ఇటు పక్క ఒక కన్నం, అటు పక్క ఒక కన్నం. రెండింటి నుంచీ అంబలి సన్నగా కారుతోంది. అప్ప గిన్నె ఎత్తి, కన్నంలో చిటికెనవేలు పెట్టి చూసింది. తర్వాత నా మొహం చూసింది.

"గిన్నికి తగిల్తే అంబలి కారినాది. కంటికి తగిల్తే ఏటి కారతాదే?"

"నాను మావతోటి సెప్తానప్పా. పని ఆపకండి," అన్నాను.

"నీ మడి మీద మాకు పగ నేదు సెల్లీ. నీ మడికి రామని కూడా అనడం నేదు. ఆ తుపాకి మోగినన్నాళ్ళు మాత్రం రాం. మాకూ పిల్లలున్నారు."

కాలవలో కాళ్ళు కడుక్కుని అందరూ వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు. పీకిన నారు కట్టలు నీళ్ళలో ఉన్నాయి. పీకని నారు రోజురోజుకీ ముదురుతుంది. ముదిరిన నారు నాటితే పిలకలు వేయదు. అంటే నా దగ్గరున్న గడువు నారు ఆకుపచ్చగా ఉన్నంత వరకే. ఆలోగా ఆ మడిలో ఆడవాళ్ళు భయం లేకుండా నడుం వంచగలగాలి. అక్కడి నుంచి నాకు వేరే ఆలోచన లేదు.

తిన్నగా మావ ఇంటికి వెళ్ళాను. మావ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏటే గుంటా, పొద్దున్నే మొకం అలగెట్టుకొచ్చినావు?" అన్నాడు. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. నాకు కోడలొచ్చే వయసైనా మావకి నేను గుంటనే.

"నీ గుండు మా అప్ప గిన్నికి తగిలినాది మావా."

"నా గుండా? నాను నీటిలోకి కదే కాలస్తాను? నీటిలోకెల్లిన గుండు బయటికెలగొస్తాది? ఏ గొడ్లకాపరోడో వడిసేలతోటి రాయిసిరుంటాడు."

"రాయి గిన్నికి ఇటు నుంచి అటు కన్నమెడతాదేటి? నాకు పెంకులిసరడం నేర్పింది నువ్వే కదా మావా. మర్సిపోనావా?"

నిజంగానే నేర్పింది మావే. పగిలిన కుండ పెంకుల్లో పలచటిది ఏరి, ఒంగుని, నీటికి బారుగా విసరమనేవాడు. పెంకు మునగకుండా నీటి మీద కప్పలా గెంతుకుంటూ పోయేది. పైనుంచి విసిరితే మునుగుతుంది, బారుగా విసిరితే గెంతుతుంది అని చెప్పి నా చెయ్యి పట్టుకుని వంచి చూపించాడు. ఊరి చెరువులో ఆ ఆటలో నన్ను కొట్టినవాళ్ళు లేరు. గొంతుక్కూర్చుని నీటికి బారుగా కాల్చిన గుండు కూడా అలాగే గెంతుతుందని ఆ గిన్నె చూసిన క్షణమే నాకు తట్టింది.

"పెంకు వేరు, గుండు వేరు," అన్నాడు మావ. "నా బూమి, నా సెరువు, నా నైసెన్సు. నా సేపపిల్లల్ని నాను కాసుకోవద్దేటి? ఎల్లెల్లు, మీ అత్త ఉప్మా సేసింది, తినేసి ఎల్లు."

ఉప్మా తినలేదు. అది కోపం కాదు, తింటే ఆ మాట అక్కడితో సరిపోతుందని భయం. మా ఇళ్ళలో తగాదాలన్నీ ఒక ప్లేటు టిఫినుతో ముగిసిపోతాయి. మర్నాడు మళ్ళీ తుపాకీ మోగుతుంది.

నా భర్తకి ఫోన్ చేశాను. లారీ హారన్ల మధ్య నుంచి ఆయన గొంతు వినిపించింది. "మావతోటి గొడవెందుకే? నాట్లు కూలోళ్ళకిచ్చీ." కూలికి వచ్చేవాళ్ళకి గుండు తగలదా అని అడిగాను. "నీకేం తోస్తే అది సెయ్యి," అన్నాడు చివరికి. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన నాకిచ్చిన సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే.

స్టేషనుకి వెళ్ళాను. బల్ల దగ్గర కూర్చున్న కానిస్టేబులు మర్యాదగానే అడిగాడు.

"ఆయన ఎక్కడ నిలబడి కాల్చాడమ్మా?"

"ఆయన గట్టు మీదే."

"తుపాకీకి లైసెన్సుందా?"

"ఉంది."

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"గిన్నెకి తగిలింది."

అతను నవ్వు ఆపుకోవడానికి పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "సొంత భూమి, లైసెన్సు తుపాకీ, మనిషికి దెబ్బ లేదు. ఏమని రాయమంటావమ్మా? ఇంట్లో మాట్లాడుకోండి. ఎవరికైనా తగిలితే అప్పుడు రండి."

"తగిలాక నేనెందుకండీ, అంబులెన్సు వాళ్ళే వస్తారు," అని బయటికి వచ్చేశాను. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చల్లారక ముందే గజపతినగరం బస్సెక్కాను. మా గుంపులో ఒకావిడ పొలం తగాదా చూసిన లాయరమ్మ అక్కడుంది.

లాయరమ్మ నేను చెప్పిందంతా వింది. "అందరూ ఒక్క ప్రశ్నే అడుగుతున్నారు, కాల్చినాయన ఎక్కడ నిలబడ్డాడని. సొంత భూమిలోనే అనగానే ఊరుకుంటున్నారు. ఇంకో రెండు అడగాలి. దేన్ని కాల్చాడు? గుండు ఎక్కడికి పోయింది?" అంది. తర్వాత నాకు అర్థమయ్యేలా విడదీసి చెప్పింది. పంట కాపలాకి ఇచ్చిన లైసెన్సు పంట కాపలాకే. నీటికాకులు వన్యప్రాణుల చట్టం కింద రక్షణ ఉన్న పక్షులు. అవి మన చెరువులో వాలినా, మన చేపలే తిన్నా, వాటిని మనం కాల్చడానికి వీల్లేదు. ఇక మూడోది, నిర్లక్ష్యంగా కాల్చి పక్కవాళ్ళ ప్రాణాలకి ముప్పు తెస్తే అదే నేరం. రక్తం కారేదాకా ఆగమని చట్టంలో ఎక్కడా లేదు. సొంత భూమి అన్నది గట్టు దగ్గర ఆగిపోతుంది, గుండు ఆగదు.

"కానీ గుండు నీళ్ళ మీద నుంచి లేచి నీ మడిలోకి వస్తోందని నువ్వంటున్నావు, ఆయన కాదంటున్నాడు. చూపించగలవా?" అని అడిగింది.

చూపిస్తానన్నాను. ఎలాగో తెలియకుండానే అన్నాను. బస్సులో ఇంటికి వస్తుంటే ముందు పోతున్న లారీ మీద టార్పాలిన్ గాలికి టపటపా కొట్టుకోవడం చూశాను. అప్పుడు తెలిసింది.

మా పెరట్లో నా భర్త పాత లారీ టార్పాలిన్ ఉంది. చినుగులకి మాట్లు వేసిన నీలం పట్టా. ఆ సాయంత్రం వెదురు బొంగులు పాతి, నా గట్టు పొడుగునా దాన్ని రెండు మడతలుగా కట్టాను. చీర కొంగు నడుముకి చుట్టి మొదలుపెడితే చీకటి పడేదాకా పట్టింది. మావ అవతలి గట్టు మీద నుంచి చూసి కేకేశాడు.

"ఏటే, మడిలో సినిమా ఆడిస్తావేటి? టిక్కెట్టెంత?"

"నీకు టిక్కెట్టక్కర్నేదు మావా. బొమ్మ నీదే."

మావ పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి నా గుండె కలుక్కుమంది, ఎందుకంటే నేను చేస్తున్న పని ఎక్కడికి దారి తీస్తుందో నాకు తెలుసు, ఆయనకి తెలియదు. అయినా బొంగు పీకలేదు.

మర్నాడు తుపాకీ మోగుతున్నంత సేపూ నేను మడి వైపు పోలేదు. రోడ్డు మీదే నిలబడి విన్నాను. మావ ఇంటికి వెళ్ళిపోయాక వెళ్ళి చూశాను. అవతలి గట్టు వైపున్న మడతకి కన్నాలు పడ్డాయి. అన్నీ ఒకే వరసలో, నా నడుం కన్నా కిందే. ఎందుకింత కిందికి ఉన్నాయా అని నాటుతున్నట్టు ఒంగి చూశాను. ఒంగినప్పుడు నా తల ఎక్కడుందో కన్నాలూ అక్కడే ఉన్నాయి. గట్టు మీద కూలబడిపోయాను. నిన్న తల దించి నారు పీకుతున్న ఆడవాళ్ళందరి తలలూ ఒక్కొక్కటే నా కళ్ళ ముందుకి వచ్చాయి.

పట్టా విప్పుతుంటే రెండు మడతల మధ్య నుంచి సీసం గుళ్ళు బురదలోకి రాలాయి. ఏరి కొంగున కట్టుకున్నాను. పట్టా చుట్టి నెత్తిన పెట్టుకుని మావ వాకిట్లోకి తీసుకెళ్ళి పరిచాను. అత్త కూడా బయటికి వచ్చింది. గుళ్ళు విప్పి పట్టా మీద పోశాను.

మావ ఒంగుని చాలా సేపు చూశాడు. ఒక గుండు తీసి వేళ్ళ మధ్య దొర్లించాడు. ఆయనకి అర్థమైందని ఆయన మొహంలోనే కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు "నిజమేనే గుంటా" అంటాడు, అత్త లోపలికెళ్ళి ఉప్మా చేస్తుంది, నేను తింటాను, అంతా సర్దుకుంటుంది అనుకున్నాను.

మావ నిటారుగా నిలబడి, "ఎలకలు కొరికీసుంటాయి," అన్నాడు.

"ఎలకలు సీసం ఏరి తెస్తాయేటి మావా?"

"లారీ మీద పట్టా. ఏ ఊర్ల ఏటి తగిలిందో ఎవడికి తెలుసు? మా అయ్య సేతి తుపాకి అది. దాని మీద నిందేస్తే నానొప్పుకోను."

అప్పుడు తెలిసింది నాకు, మావ కాపాడుతున్నది చేపపిల్లల్ని కాదని. నీళ్ళలోకి కాలిస్తే ఎవరికీ ఏమీ కాదన్నది మా తాత మాట. ఆ మాట తప్పని ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు. జాలేసింది. కానీ నా జాలి మా అప్ప కంటికి అడ్డం నిలబడదు కదా.

"మావా, ఇను. రేపు పొద్దున్న టేసన్ల కాగితమిస్తాను. ఈలోగా నువ్వే తుపాకి అట్టుకెల్లి ఆల్లకిచ్చీ. నువ్విచ్చీసినావంటే నాను కాగితం సింపీసుకుంటాను."

"ఇచ్చుకోయే! నాలుగు ముక్కలు సదివించినందుకు మేనమామకి బాగా బుద్ది సెప్తన్నావు," అన్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఒగ్గీయే తల్లీ," అంది. వదల్లేదు నేను. అత్త చెయ్యే వదిలించుకున్నాను.

మర్నాడు మావ తుపాకీ ఇవ్వలేదు. నేను కాగితం ఇచ్చాను. ఈసారి ఒక్కదాన్నే వెళ్ళలేదు. కన్నాల గిన్నె పట్టుకుని అప్ప వచ్చింది, చుట్టిన పట్టా పట్టుకుని గుంపు మొత్తం వచ్చింది. మావకి జైలు వద్దని, తుపాకీ మాత్రం ఆ గట్టు మీదకి రాకూడదని కాగితంలో రాశాను. ఎస్సై చదివి, "జైలు సంగతి నువ్వూ నేనూ తేల్చేది కాదమ్మా," అన్నాడు గానీ, పట్టా విప్పి చూశాక ఇంకేమీ అనకుండా జీపెక్కాడు.

గట్టు మీద నిలబడి మావని ఎస్సై లాయరమ్మ చెప్పిన మూడు ప్రశ్నలూ అడిగాడు. ఎక్కడ నిలబడ్డారంటే మావ ఠీవిగా చూపించాడు. దేన్ని కాల్చారంటే "నీటికాకుల్నండి," అన్నాడు ఇంకా ఠీవిగా. మొన్న నన్ను ఇంటికి పొమ్మన్న కానిస్టేబులు నేల చూపులు చూశాడు.

"ఒక్కటైనా పడిందా?"

"నేదండి. ఎగిరిపోతాయండి."

"పడకపోవడం మీ అదృష్టం," అన్నాడు ఎస్సై. మూడో ప్రశ్న మాటల్లో అడగలేదు. మావ కూర్చునే చోట తనూ గొంతుక్కూర్చుని, నీటి మీదుగా నా మడి వైపు చూశాడు. మా అప్ప అటు గట్టు కింద నారు పీకుతున్నట్టు ఒంగుని చూపించింది. ఆయన లేచి, తుపాకీ స్టేషన్లో అప్పగించాలని, లైసెన్సు సంగతి పైకి రాస్తానని, ఫారెస్టు వాళ్ళకీ తెలియజేస్తానని చెప్పాడు.

మావ తుపాకీని తువ్వాల్లో చుట్టి తనే మోసుకొచ్చాడు. ప్రతి ఎన్నికలకీ అలాగే తీసుకెళ్ళి స్టేషన్లో పెట్టి, ఎన్నికలయ్యాక తెచ్చుకోవడం ఆయనకి అలవాటే. నా ముందు నుంచి పోతూ ఆగాడు.

"ఇప్పుడే ఎలచ్చన్లొచ్చినాయే?" అన్నాడు. అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడ్డం మానేశాడు.

రెండు రోజులాగి మా గుంపు నా మడిలో దిగింది. నారు కాస్త ముదిరింది, అందుకని కుదురుకి ఇంకో రెండు మొక్కలు కలిపి నాటాం. అప్ప గిన్నెకి మాట్లు వేయించుకుని దాంట్లోనే అంబలి తెచ్చింది. కొత్తది కొనిస్తానంటే ఒప్పుకోలేదు. "ఇది సాచ్చీకం సెప్పిన గిన్ని," అంది. పగలబడి నవ్వుకున్నాం. నవ్వుతూనే నేను రెండు మూడుసార్లు అవతలి గట్టు వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

నీటికాకులు మాత్రం ఉన్నాయి. వాటి సంగతి కూడా నేనే చూడాలనిపించింది. తుపాకీ తీయించి చేపపిల్లల్ని పక్షులకి వదిలేయడం న్యాయం కాదు. సముద్రం ఒడ్డు ఊళ్ళకి వెళ్ళి, వేటకి పనికిరాని పాత నైలాను వలల తాళ్ళు తెచ్చాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మనిషెత్తులో వరసగా కడితే పక్షి దిగడానికి దారుండదు. మావ వాటివంక చూడలేదు. అత్త తీసుకుంది. అత్తా నేనూ చెరోగట్టు మీదా నిలబడి కట్టాం. మావ ఇంట్లోంచి బయటికి రాలేదు. నీటికాకులు వారం రోజులు పైన తిరిగి, ఊరి చెరువుకి పోయాయి.

ఊళ్ళో నా మీద నానా మాటలు పడ్డాయి. నన్ను ఎత్తుకు పెంచిన చేతికి సంకెళ్ళు వేయించబోయానన్నారు. మావ ఎదురైనప్పుడు పక్కకి తిరిగి పోయేవాడు. ఆ బాధ నాకు అన్నం దగ్గర, పని దగ్గర ఉండేది. ఒక్కోసారి ఏడ్చాను కూడా. కానీ ఆ కాగితం ఇవ్వకుండా ఉండాల్సింది అని ఒక్క పూటైనా అనుకోలేదు. ఇప్పటికీ అనుకోను.

తర్వాత వానలు పట్టాయి. నా వరి పిలకలు వేసి ఒత్తుగా వచ్చింది. వాన పెరుగుతున్న కొద్దీ నాకు కొత్త దిగులు పట్టుకుంది. ఊరి చెరువు నిండితే చెప్పేదెవరు? తుపాకీ స్టేషన్లో ఉంది. నేనే పెట్టించాను. గండి కొట్టడం ఆలస్యమై దిగువ మడులు పోతే, ఊరు నన్ను అనే మాటల్లో ఈసారి తప్పుండదు. రోజూ పొద్దున్నే గట్టెక్కి చూసి రావాలని నిశ్చయించుకున్నాను.

ఒక పొద్దున, ముసురులో గోనెసంచి నెత్తిన వేసుకుని బయలుదేరబోతుంటే కేక వినిపించింది.

"ఒసే గుంటా! సెరువు అలుగు పారతన్నాదే! పార తియ్యే! గండి కొట్టుకోయే!"

మావ. నా గుమ్మం ముందు ఆగకుండా దిగువకి పోతున్నాడు. నిలువెల్లా తడిసి, పంచె ఎగ్గట్టి, ఇంటింటి దగ్గరా, మడిమడి దగ్గరా అదే కేక. నేను పార తీసుకుని పరిగెత్తాను. నా గట్టుకి గండి కొట్టాను, నీరు గట్టు తెంపకుండా దారిన పడి పోయింది. దిగువన ఒక్కొక్క మడిలోనూ పారలు లేస్తున్నాయి. పని అయ్యి నడుం ఎత్తేసరికి మావ చేపల చెరువు గట్టు మీద రొప్పుతూ నిలబడి ఉన్నాడు. నేను అటు వెళ్ళాను.

"గొంతు పోతాది మావా. పల్లెమైనా కొట్టుకోనేకపోనావా?"

"తుపాకి నువ్వు లాగీసుకున్నావు కదే. నాకు నోరొక్కటే మిగిలింది," అన్నాడు. నన్ను చూడకుండానే అన్నాడు, కానీ అన్నాడు.

చేపల చెరువు గట్టంచు దాకా నిండి ఉంది. మావ కాలితో బురద గెలికి, ఒక కుండ పెంకు తీసి, పంచెకి తుడిచాడు. పలచటి పెంకు. నాకు నేర్పినట్టే ఒంగుని, చెయ్యి పక్కకి వంచి, నైలాను తాళ్ళ కింది నుంచి బారుగా విసిరాడు. అది నీటి మీద గెంతుకుంటూ చెరువు దాటి, అవతలి గట్టు మీద నుంచి ఎగిరి, నా వరిలో పడింది. పడిన చోట వరి కదిలి ఆగింది.

మావ ఆ చోటే చూస్తూ నిలబడ్డాడు.

"అక్కడే కదే, మీయాడోల్లు ఒంగినది?" అన్నాడు.

"అక్కడే మావా," అన్నాను.

మావ తువ్వాలు పిండి మొహం తుడుచుకున్నాడు. "మీ అత్త ఉప్మా సేసుంటాది. రా," అన్నాడు. పార భుజాన వేసుకుని ఆయన వెనకే నడిచాను.